ఉండలు కట్టిన రక్తం, గడ్డ కట్టిన రక్తం

మహారాష్ట్రలోని సిరోంచ వైపు ఏ ల్యాబ్ బయట కాసేపు కూర్చున్నా "గడ్డ కట్టడం" అనే మాట నాలుగు రకాలుగా చెవిన పడుతుంది. పాము కరిచినవాడి రక్తం గాజు గొట్టంలో గడ్డ కట్టలేదని నర్సు కంగారు పడుతుంది. స్లైడ్ మీద రక్తం గడ్డ కట్టింది కాబట్టి బీ పాజిటివ్ అని టెక్నీషియన్ రాసుకుంటాడు. సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లాడు కాళ్ల నొప్పులతో మెలికలు తిరుగుతుంటే లోపల రక్తం గడ్డ కట్టిందని ఇంట్లోవాళ్లు చెప్పుకుంటారు. వారం రోజులుగా జ్వరం తగ్గని ఆమెకు టైఫాయిడ్ కోసం చేసే వైడల్ పరీక్ష పాజిటివ్ అన్నారంటే, అది కూడా ఏవో గడ్డలు కట్టడం చూసి చెప్పిందే. డాక్టరు మరాఠీ మనిషైతే కొన్నిటికి "గుఠళీ" అంటాడు. టెక్నీషియన్ "క్లంపింగ్" అంటాడు. కాగితం మీద "అగ్లుటినేషన్" అని ఉంటుంది. వినేవాళ్లకు మిగిలేది టెన్షన్. "సారూ, రక్తం గడ్డ కట్టిందంటున్నరు, ఏమన్నా అయితదా?" అని గ్రూపు చూపించుకోవడానికి వచ్చిన మనిషి అడిగితే ఆశ్చర్యం ఏముంది?

ఈ నాలుగింటిలో అగ్లుటినేషన్ అనదగ్గవి రెండే, బ్లడ్ గ్రూపు, వైడల్. పాము కాటుది వేరే సంగతి, సికిల్‌సెల్‌ది ఇంకో సంగతి. గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన ఉన్న మా తాలూకా నుంచి జిల్లా కేంద్రం సుమారు 200 కిలోమీటర్లు. ప్రాణహిత, గోదావరి దాటితే తెలంగాణ. ఒకే రోగి కాగితాలు అటూ ఇటూ తిరుగుతుంటాయి, ఒకచోట మరాఠీలో వివరిస్తారు, ఇంకోచోట తెలుగులో. అందుకే ఏ మాట దేన్ని చెబుతోందో రోగికే తెలిసి ఉండటం ఇక్కడ మామూలు కంటే ఎక్కువ అవసరం.

అగ్లుటినేట్ అనే క్రియకు లాటిన్‌లో మూలం జిగురు. ల్యాబ్ భాషలో మాత్రం జిగురుగా ఉన్న ప్రతిదానికీ ఆ మాట వాడరు, దానికి గట్టి హద్దులున్నాయి. ద్రవంలో విడివిడిగా తేలే రేణువులు ఉండాలి. అవి ఎర్ర రక్తకణాలు కావచ్చు, బ్యాక్టీరియా కావచ్చు, లేటెక్స్‌తో చేసిన అతి చిన్న పూసలు కావచ్చు. ఆ రేణువుల పైపొర మీద యాంటిజెన్లు అనే గుర్తులుండాలి. ఆ గుర్తులను పట్టుకునే యాంటీబాడీలు ద్రవంలో ఉండాలి. ఒక యాంటీబాడీ ఒక చేత్తో ఈ కణాన్ని, ఇంకో చేత్తో పక్క కణాన్ని పట్టుకుంటుంది. ఆ పక్కదాన్ని మరో యాంటీబాడీ ఇంకోదానితో కలుపుతుంది. అలా వల అల్లుకుపోయి కంటికి కనిపించేంత ఉండలు తయారైతే, కణాలు అగ్లుటినేట్ అయ్యాయి అంటారు. యాంటిజెన్ రేణువుగా కాక నీళ్లలో కరిగిపోయి ఉంటే, అదే యాంటీబాడీ పట్టుకున్నా దాన్ని అగ్లుటినేషన్ అనరు, అవక్షేపం అంటారు.

ఇదే క్రియను భాషాశాస్త్రం కూడా తీసుకుంది. "రాలేకపోయినవాళ్లకు" అని తెలుగులో ఒక్క మాటగా అనేసినప్పుడు ముక్కలన్నీ వరసగా అంటుకున్నా దేనికది గుర్తుపట్టేలా ఉంటుంది. అలాంటి భాషలను అగ్లుటినేటివ్ అంటారు. తెలుగు, గోండి రెండూ ఆ కోవలోవే, మరాఠీ కాదు. ల్యాబ్‌కి ఆ అర్థంతో పని లేదు కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేద్దాం.

పాలు రెండు రకాలుగా చెడతాయి, లేదా బాగుపడతాయి. తోడు పెడితే గిన్నె గిన్నె అంతా ఒకే గడ్డగా పేరుకుంటుంది. నిమ్మరసం పిండితే ముక్కలు ముక్కలుగా విరిగి, మధ్యలో తేట నీళ్లు తేలతాయి. రక్తం గాయం దగ్గర గడ్డ కట్టడం మొదటిదానిలా ఉంటుంది. రక్తపు ద్రవ భాగమైన ప్లాస్మాలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఫైబ్రిన్ దారాలుగా మారి, కణాలన్నిటినీ తనలో బంధించి, ద్రవాన్నే ముద్దగా చేస్తుంది. స్లైడ్ మీద గ్రూపు చూసేటప్పుడు కనిపించేది రెండో రకం. ద్రవం ద్రవంగానే ఉంటుంది, అందులో తేలే కణాలు మాత్రం ఉండలు కడతాయి. తెలుగులో "ఉండలు కట్టడం", "గడ్డ కట్టడం" అని రెండు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. ల్యాబుల్లో మొదటిది ఎందుకో వాడరు. వాడితే సగం తికమక పోయేది.

రెండూ వేరని చెప్పడానికి తేలికైన రుజువు ఒకటుంది. రక్తం తీసి పోసే ఊదా మూత గొట్టంలో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది కాల్షియాన్ని కట్టేస్తుంది. కాల్షియం లేకపోతే ఫైబ్రిన్ దారాలు పుట్టే వరస సాగదు, రక్తం గంటల తరబడి గడ్డ కట్టకుండా ఉంటుంది. అదే గొట్టం నుంచి ఒక చుక్క తీసి, "ఏ" అనే గుర్తును పట్టుకునే యాంటీబాడీలున్న యాంటీ-ఏ సీరంతో కలపండి. రక్తం "ఏ" గ్రూపుదైతే క్షణాల్లో ఉండలు కడుతుంది. అగ్లుటినేషన్‌కి కాల్షియంతో పని లేదు, ప్లేట్‌లెట్లతో పని లేదు.

ఎర్ర కణాలు మామూలుగా ఒకదానికొకటి ఎందుకు అంటుకోవన్నది కూడా చూడాలి. వాటి పైపొర మీద సియాలిక్ ఆమ్లం ఉండటం వల్ల రుణావేశం ఉంటుంది. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెడతాయి కాబట్టి సెలైన్‌లో కణాలు సుమారు 25 నానోమీటర్ల ఎడం పాటిస్తాయి. ఆ ఎడాన్ని దాటి రెండు వైపులా అందుకోగలిగిన యాంటీబాడీయే ఉండలు కట్టించగలదు. ఐజీఎం అనే రకం పెద్దది, అయిదు ముక్కలు కలిసినది, పట్టుకునే చోట్లు పది. దానికి ఈ దూరం లెక్కలోది కాదు. ఐజీజీ చిన్నది, చేతులు రెండే, పూర్తిగా చాచినా సుమారు 14 నానోమీటర్లు. అది కణాన్ని పట్టుకుని కూర్చుంటుంది కానీ పక్కదాన్ని అందుకోలేదు. ఏ, బీ గ్రూపులకు ఎదురుగా మన రక్తంలో సహజంగా ఉండే యాంటీబాడీలు ఎక్కువగా ఐజీఎం రకానివి. అందుకే గ్రూపు పరీక్ష స్లైడ్ మీదే తేలిపోతుంది. ఐజీజీ విషయం చివర్లో వస్తుంది, ఇక్కడివాళ్లకు అసలు చిక్కు దానితోనే.

ఈ ఉండలను మొదట చూసినవాళ్లు వాటిని జబ్బు వల్ల వచ్చిన విశేషం అనుకున్నారు. వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తనతో సహా తోటి పనివాళ్ల రక్తం తీసి, ఒకరి సీరంతో, అంటే రక్తం గడ్డ కట్టాక మిగిలే తేట ద్రవంతో, ఇంకొకరి కణాలు కలిపి చూశాడు. అందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే, అయినా కొన్ని జతల్లో ఉండలు కట్టాయి, కొన్నింటిలో కట్టలేదు. 1901లో ఆ ఫలితాలను ఏ, బీ, సీ అని మూడు గుంపులుగా ప్రచురించాడు. సీ అన్నది తర్వాత ఓ అయింది. నాలుగోదైన ఏబీని 1902లో డెకాస్టెల్లో, స్టుర్లి బయటపెట్టారు. లాండ్‌స్టైనర్‌కు 1930లో నోబెల్ వచ్చింది. ఆయన పుట్టిన జూన్ 14నే ప్రపంచ రక్తదాతల దినంగా జరుపుతున్నారు.

ఇక్కడ పాఠాల్లో ఒక అర్ధసత్యం నడుస్తుంటుంది. తప్పు గ్రూపు రక్తం ఎక్కిస్తే కణాలు ఉండలు కట్టి నాళాలు మూసుకుపోతాయి, అందుకే ప్రాణం పోతుంది అని చెబుతారు. ఒంట్లో జరిగే పెద్ద నష్టం అది కాదు. ఆ ఐజీఎం యాంటీబాడీలు కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల దండును మేల్కొలుపుతాయి. అవి ఎక్కించిన కణాల పొరకు చిల్లులు పొడిచి, వాటిని నాళాల్లోనే పగలగొడతాయి. బయటపడ్డ హీమోగ్లోబిన్‌తో మూత్రం ఎర్రబడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ పడిపోతుంది. స్లైడ్ మీది ఉండ రాబోయే ప్రమాదానికి గుర్తు మాత్రమే.

గ్రూపు రెండు వైపుల నుంచి చూడాలని ల్యాబ్ పుస్తకాలన్నీ చెబుతాయి. ఒకటి మన కణాలను తెలిసిన సీరంతో కలిపి చూడటం. నీలం రంగు సీసాలో యాంటీ-ఏ, పసుపు సీసాలో యాంటీ-బీ, రంగు లేనిదాంట్లో పాజిటివా నెగెటివా తేల్చే యాంటీ-డీ ఉంటాయి. రెండోది మన సీరాన్ని తెలిసిన ఏ, బీ, ఓ కణాలతో కలిపి చూడటం. చిన్న ల్యాబుల్లో మొదటిది చేసి రిపోర్టు ఇచ్చేయడం మామూలే. దానివల్ల ఏం తప్పిపోతుందో బాంబే గ్రూపు చూపిస్తుంది. 1952లో భెండే, ఆయన సహచరులు బొంబాయిలో దీన్ని గుర్తించారు. వీళ్ల కణాల మీద ఏ, బీలకు పునాది అయిన హెచ్ గుర్తే ఉండదు. మొదటి పరీక్షలో ఏ ఉండా రాదు కాబట్టి ఓ గ్రూపులా కనిపిస్తారు. సీరం వైపు నుంచి చూస్తే ఓ కణాలు కూడా గట్టిగా ఉండలు కడతాయి. వీళ్లకు ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. అరుదైనదే, అయినా కనిపెట్టింది మన రాష్ట్రంలోనే కాబట్టి ఇక్కడి ల్యాబులకు తెలియదనడానికి వీల్లేదు.

పాము కాటు సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. రక్తపింజర విషం ఒంట్లోని ఫైబ్రినోజెన్‌ను ఖర్చు చేసేస్తుంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తారు. గడ్డ కట్టి ఉంటే ఊరట, నీళ్లలా జారితే విషం ఎక్కినట్టు. ఇక్కడ గడ్డ కట్టడం మంచి కబురు. ఉండలకూ దీనికీ సంబంధం లేదు.

సికిల్‌సెల్‌లో జిగురు కణం లోపల ఉంటుంది. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి కూర్చోవడం వల్ల ఇదంతా జరుగుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు అలాంటి హీమోగ్లోబిన్ అణువులు ఒకదాని వెనక ఒకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి. ఆ పోగులు కణాన్ని లోపలినుంచి పొడిచి కొడవలిలా వంచుతాయి. బిరుసెక్కిన కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి, నాళం గోడకూ అంటుకుంటాయి. రక్తం అందని ఎముక నొప్పి పుట్టిస్తుంది. యాంటీబాడీ లేదు, కాబట్టి ఇది అగ్లుటినేషన్ కాదు. అయినా ఇంట్లోవాళ్లు "లోపల గడ్డ కట్టింది" అని పలచబరిచే మాత్రలు అడుగుతారు. అది ఈ నొప్పికి మందు కాదు. చేయాల్సింది నీళ్లు బాగా పట్టించడం, నొప్పి తగ్గించడం, అవసరమైతే ఆక్సిజన్. మళ్లీ మళ్లీ రాకుండా డాక్టరు చూసి ఇచ్చే హైడ్రాక్సీయూరియా ఉంది.

దీని పరీక్ష కూడా ఉండల పరీక్ష కాదు. గొట్టంలో కణాలను పగలగొట్టి, ఆక్సిజన్‌ను తీసేసే రసాయనం కలుపుతారు. సికిల్ హీమోగ్లోబిన్ ఉంటే అది కరగకుండా ద్రవం మసకబారుతుంది, గొట్టం వెనక గీసిన గీతలు కనిపించవు. ఈ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఒక్క జన్యువు మోసే వాహకులకూ పాజిటివే వస్తుంది. తేడా తేల్చడానికి హీమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయించాలి. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. జబ్బు నిర్మూలనకు పెట్టుకున్న గడువు 2047. మా వైపు శిబిరాల్లో పాజిటివ్ కాగితం చేతికొచ్చి రెండో పరీక్షకు వెళ్లకుండా పెళ్లి సంబంధాలు వదులుకున్నవాళ్లున్నారు. ఆ సగం పరీక్ష చేసిన నష్టం నా లెక్కలో చిన్నది కాదు.

ఇక వైడల్. ఈ పరీక్ష మీద నాకు బొత్తిగా గౌరవం లేదు, కానీ అది నిజమైన అగ్లుటినేషనే. 1896లో వియన్నాలో గ్రూబర్, డర్హమ్ బ్యాక్టీరియా సీరంలో ఉండలు కట్టడాన్ని వివరించారు. అదే ఏడాది పారిస్‌లో ఫెర్నాండ్ వైడల్ దాన్ని టైఫాయిడ్ పట్టుకోవడానికి వాడాడు. రోగి సీరాన్ని చంపేసిన టైఫాయిడ్ బ్యాక్టీరియాతో కలుపుతారు. సీరంలో వాటికి ఎదురు యాంటీబాడీలుంటే ఉండలు కడతాయి. సీరాన్ని సెలైన్‌తో రెట్టింపు రెట్టింపుగా పలచన చేస్తూ 1:20, 1:40, 1:80, 1:160 అని ఎంతవరకు ఉండలు కనిపిస్తాయో చూస్తారు. రిపోర్టులో 1:160 అని ఉంటే, 160 వంతులకు పలచన చేసినా ఇంకా ఉండలు కట్టించేంత యాంటీబాడీ ఉందని అర్థం. అది జబ్బు తీవ్రత కాదు. "నాకు టైఫాయిడ్ 160 ఉంది" అని షుగరు అంకెలా చెప్పుకోవడం మా దగ్గర వింటూనే ఉంటాం.

చిక్కంతా ఆ యాంటీబాడీ ఎప్పటిదన్న దగ్గర ఉంది. జ్వరం మొదలైన మొదటి వారంలో అది ఇంకా తయారై ఉండదు. అందుకని రెండో రోజో మూడో రోజో చేసిన వైడల్‌లో ఉండలు కనిపిస్తే అవి పాతవి అయ్యే అవకాశమే ఎక్కువ. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్లో, టీకా వల్లో, దగ్గరి బ్యాక్టీరియా వల్లో యాంటీబాడీలు మిగిలి ఉంటాయి. టైఫాయిడ్ తిరిగే చోట ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ 1:80 దాకా రావడం వింత కాదు. మలేరియాలోనూ వైడల్ తప్పుడు పాజిటివ్ ఇవ్వగలదు. మహారాష్ట్రలో మలేరియా భారం ఎక్కువగా మోసే జిల్లా గడ్చిరోలి. వానాకాలం జ్వరానికి వైడల్ ఒక్కటే చూసి టైఫాయిడ్ సెలైన్లు ఎక్కించడం మొదలుపెడితే, అసలు మలేరియా మెదడుకెక్కేదాకా ఎవరూ చూడకపోవచ్చు. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగింతలు పెరిగితే వైడల్‌కి కొంత అర్థం ఉంటుంది. అన్ని రోజులు ఎవరాగుతారు? యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీసిన రక్తంతో, అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే బ్లడ్ కల్చర్ చేయించడం సరైన దారి. దానికి సదుపాయం లేని చోట కనీసం మలేరియా పరీక్ష ముందు జరగాలి.

ఉండలను కంటితో చూసి చెప్పడం వినడానికి తేలిక, చూపు తప్పడానికి దారులు చాలా ఉన్నాయి. మే నెలలో ఈ విదర్భ ఎండకు స్లైడ్ మీది చుక్క అంచులు ఇట్టే ఎండిపోయి గరుకుగా కనిపిస్తాయి. అవి ఉండలు కావు. అందుకే రెండు నిమిషాలలోపే చదివేయాలి, ఫ్యాను కింద పెట్టకూడదు. ఇంకో చిత్రం, యాంటీబాడీ మరీ ఎక్కువైనా ఉండలు రావు. ప్రతి కణం చుట్టూ యాంటీబాడీలు కిక్కిరిసి, ఒక్కోటి ఒక్కో కణాన్నే పట్టుకుని ఉండిపోతాయి, రెండింటిని కలిపేందుకు ఖాళీ గుర్తు దొరకదు. దీన్ని ప్రోజోన్ అంటారు. పలచన చేస్తే ఉండలు ప్రత్యక్షమవుతాయి. చలికే పనిచేసే యాంటీబాడీలూ ఉన్నాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన రక్తంలో ఉండలు కనిపించి, 37 డిగ్రీలకు వేడి చేయగానే విడిపోతే అవే అనుకోవాలి. కొన్ని జబ్బుల్లో ప్లాస్మాలో ప్రొటీన్లు పెరిగి కణాలు నాణేల దొంతరల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఒక చుక్క సెలైన్ వేస్తే దొంతర విడిపోతుంది, నిజమైన ఉండ విడిపోదు.

ఉండలు రాకపోవడాన్ని నమ్మి మోసపోయే చోటు ఐజీజీ. సెలైన్‌లో అది కణాలను పట్టుకున్నా కలపలేదని పైన చెప్పుకున్నాం. అంటే యాంటీబాడీ ఉన్నా స్లైడ్ నునుపుగానే ఉంటుంది. 1945లో కూంబ్స్, మౌరాంట్, రేస్ దీనికి ఉపాయం చూపారు. మనిషి యాంటీబాడీకి ఎదురుగా కుందేలులో పుట్టించిన ఇంకో యాంటీబాడీని కలిపితే, అది పక్కపక్క కణాల మీద కూర్చున్న ఐజీజీలను రెండు చేతులా పట్టుకుని దూరాన్ని పూడుస్తుంది. అప్పుడు ఉండ కడుతుంది. కణాల మీద అప్పటికే అంటి ఉన్నదాన్ని చూస్తే డైరెక్ట్ కూంబ్స్, సీరంలో తిరిగేదాన్ని చూస్తే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్. ఆర్‌హెచ్ నెగెటివ్, అంటే కణాల మీద డీ గుర్తు లేని గర్భిణికి రెండోది చేస్తారు. యాంటీ-డీ ఇంకా పుట్టలేదని తేలితే 28వ వారంలో ఒక ఇంజెక్షన్, పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లో మరొకటి ఇస్తారు. ఆ యాంటీబాడీ ఒకసారి పుట్టాక ఇంజెక్షన్ దాన్ని వెనక్కి తీయలేదు.

సికిల్‌సెల్ పిల్లలకు ఇది ఇంకా దగ్గరి విషయం. వీళ్లకు రక్తం పలుమార్లు ఎక్కించాల్సి వస్తుంది. ఏబీఓ, డీ కుదిరినా, ఆర్‌హెచ్‌లోని సీ, ఈ, వాటితో పాటు కెల్ లాంటి చిన్న గుర్తులు తేడాగా ఉంటే ఒళ్లు వాటికి ఎదురుగా ఐజీజీ తయారుచేసుకుంటుంది. వీలున్న చోట ఆ గుర్తులు కూడా కలిసే రక్తమే ఇస్తారు. ప్రతిసారీ కూంబ్స్ పద్ధతిలో క్రాస్‌మ్యాచ్ చేస్తారు, అంటే ఎక్కించబోయే కణాలను పిల్లాడి సీరంతో కలిపి చూస్తారు. అయితే కొన్ని యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ పరీక్షకు అందనంత తగ్గిపోతాయి. అప్పుడు క్రాస్‌మ్యాచ్‌లో ఉండ కనిపించదు, రక్తం కుదిరిందనే అనుకుంటారు. ఎక్కించాక ఒళ్లు పాత పగను గుర్తు చేసుకుని, వారం లోపలో కాస్త అటూ ఇటూగానో ఆ కణాలను పగలగొడుతుంది. కళ్లు పచ్చబడతాయి, హీమోగ్లోబిన్ పడిపోతుంది. ఇంట్లోవాళ్లు మళ్లీ సికిల్ నొప్పి వచ్చిందనుకుంటారు. మా వైపు పిల్లాడికి ఒకసారి చంద్రపూర్‌లో, ఒకసారి నాగపూర్‌లో, ఇంకోసారి వరంగల్‌లో రక్తం ఎక్కిస్తారు. ఒకచోట కనిపెట్టిన యాంటీబాడీ ఇంకోచోటి రిజిస్టర్‌లో ఉండదు. గ్రూపు కార్డుతో పాటు "యాంటీబాడీ స్క్రీన్" అని రాసిన కాగితం ఎప్పుడైనా ఇస్తే, దాన్ని లామినేషన్ చేయించి పిల్లాడి ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టండి, రక్తం ఎక్కించే ముందు అడగకపోయినా చూపించండి.